సున్నాతో ముగిసే నంబరు

నాకు కోపాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ పుట్టుకతో వచ్చినవే, ఒక్కటి మాత్రం ఉద్యోగంలో వచ్చింది. కంప్యూటర్ తెర మీద పచ్చరంగులో ‘సక్సెస్’ అని కనిపించగానే ఇక అడగడానికేమీ లేదనుకుని కుర్చీలో వెనక్కి వాలేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో జీతాల పని చూస్తున్నప్పుడు, ఒక మనిషి మాట నిలబెట్టడానికి నేను పడ్డ తిప్పలే దానికి కారణం.

కౌల్ బజార్ సందుల్లో కుట్టిన ప్యాంట్లు మా దగ్గరికి ఆటోల్లో మూటలు మూటలుగా వస్తాయి. పెద్ద మిషన్లలో రాళ్లతో కలిపి తిప్పి, బ్లీచింగు పట్టించి, పాతబడినట్టు చేసి తిరిగి పంపుతాం. కొత్త బట్టను పాతది చేయడానికి జీతాలిచ్చే చోటు ఒకటి ఉందంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. మా యజమాని నాకంటే చిన్నవాడు. వాళ్లది పొలాలున్న కుటుంబం. గనుల కాలంలో లారీలు తిప్పి, ఆ తర్వాత ఈ యూనిట్ పెట్టారు. అందరికీ అతను సావ్కారి. నాకు మాత్రం అప్పుడప్పుడూ చెవి మెలిపెట్టాలనిపించే తమ్ముడు.

మొదట్లో శనివారం శనివారం కూలి చేతికే ఇచ్చేవాళ్లం. తర్వాత మాకు సరుకిచ్చే కంపెనీవాళ్లు, జీతాలన్నీ బ్యాంకులోనే వేయాలి, వేసినట్టు ఆధారం చూపించాలి అన్నారు. సావ్కారి ఆ పని మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి అంటే పనివాళ్లందరినీ చూసుకునే పెద్దాయన. ఈ యూనిట్ కంటే ముందు పత్తి మండీలో పనిచేసినవాడు. అందరి దగ్గరా పాస్‌బుక్కులో, వాటి జెరాక్స్ కాగితాలో తీసుకుని, ఖాతా నంబర్లన్నీ తన గుండ్రటి చేతిరాతతో ఒక తెల్లకాగితం మీద ఎక్కించి నాకు తెచ్చిచ్చాడు. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను.

మొదటి వారం కొందరి డబ్బు తిరిగొచ్చేసింది. అలాంటి ఖాతా లేదని బ్యాంకు జవాబు. మేస్త్రి కళ్లద్దాలను తిట్టుకుంటూ, తిరిగొచ్చినవాళ్ల పాస్‌బుక్కులు తెప్పించి, ఆ నంబర్లను మొదటినుంచీ మళ్లీ కొట్టాను. రెండో వారానికి అన్నీ సర్దుకున్నాయి. అందరి పేర్ల పక్కనా పచ్చరంగు. హమ్మయ్య అనుకున్నాను.

నెల గడిచాక రాళ్ల మిషను దగ్గర పనిచేసే ఆమె ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెది తెక్కలకోట. భర్త లారీ మీద వారాల తరబడి తిరుగుతుంటాడు. ఆమె ఖాతా ఉన్నది ఊళ్లోని ఒక చిన్న బ్యాంకులో. ప్రతి వారం అంత దూరం పోలేక నెల ఆగి, ఒకేసారి తెచ్చుకుందామని వెళ్లిందట.

“మేడమ్, నా దుడ్డు పడలేదంట. చానా దినాల నుంచి నా ఖాతాలో ఏమీ పడలేదని బ్యాంకాయన చెప్పినాడు.”

సావ్కారి నా కుర్చీ వెనకనుంచి తెర మీదికి వంగి చూశాడు.

“ఈడ చూడక్కా. నాలుగు వారాలూ సక్సెస్ అని ఉండాది. తప్పు నంబరయితే తిరిగొచ్చేది గదా, మిగతావాళ్లవి రాలేదా? పోయిన లెక్క యాడికి పోతాది? ఆయమ్మ రెండోసారి తీసుకోవాలని చూస్తాండాది.”

అది టీ వేళ. గుమ్మం బయట పనివాళ్లంతా గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ విన్నారు. ఎవరో నవ్వారు కూడా.

ఆమె ఏడవలేదు, అరవలేదు. “దుడ్డు సంగతి ఎనక చూస్తాం సావ్కారీ. నేను అబద్ధమాడతాండానని నలుగురి ముందర అంటివి. అది కాదని ఆ నలుగురి ముందరే చెప్పాల. అందాకా నేను పని ఇడ్సి పోను” అంది.

“నెలాఖరులోగా రుజువు తీసుకురా, చెప్తా. తేలేకపోతే వేరే చోట పని చూసుకో” అన్నాడు అతను.

నేను ఆమె మాట నమ్మాను. అందుకు నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. మోసం చేసేవాళ్లు డబ్బు మాట వదలరు. ఈమె డబ్బును పక్కకు నెట్టి మాట గురించి అడుగుతోంది. పైగా ఆ నవ్వు నాకు నచ్చలేదు. దీని సంగతి తేల్చేదాకా ఊరుకోకూడదని ఆ పూటే అనుకున్నాను.

తేల్చడం అనుకున్నంత సులభం కాలేదు. కంప్యూటర్లో ఉన్న నంబరు, మేస్త్రి కాగితం మీది నంబరు అంకె అంకె కలిపి చూశాను, సరిపోయింది. ఆమె ఇచ్చిన జెరాక్స్ ఎక్కడ అని మేస్త్రిని అడిగితే, జెరాక్సులన్నీ స్టోరు గదిలో బ్లీచింగు డ్రమ్ము కింద ముద్దయిపోయి ఉన్నాయి. అసలు పాస్‌బుక్కు తెమ్మంటే ఆమె తల దించుకుంది.

“బుక్కు తెక్కలకోటలో మా అత్తింట్లో ఉండాది మేడమ్. మా అత్తను ఎవరు చూసుకోవాలని నాకూ మా తోటికోడలికీ జగడమాయ. నువ్వు ముసలామెను నా నెత్తిన పెట్టి బళ్ళారికి పారిపోతాండావని ఆ పిల్ల అనె. మళ్లీ ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వస్తిని.”

పుస్తకం లేకుండా బ్యాంకువాళ్లు లెక్క కాగితం ఇవ్వరు. వేలిముద్ర పెడతానంటే ఆమె వేళ్లను బ్యాంకు మిషను గుర్తుపట్టదు. ఏళ్ల తరబడి రాళ్లలో చేతులు పెట్టి ప్యాంట్లు ఏరిన మనిషి. వేళ్ల చివర గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. పేరు చెబితే బ్యాంకాయన జాలిపడి నోటిమాటగా ఆ ఒక్క ముక్క చెప్పాడంతే. నోటిమాట సావ్కారికి పనికిరాదు.

సంగతి తేలేదాకా ఆమె కూలి ఆ నంబరుకు పంపకుండా ఆపాను. ఆమె మాత్రం రోజూ పనికి వచ్చేది. టీ దగ్గర పక్కకు జరిగి కూర్చునేవాళ్లు. ఆమె కూడా తగ్గలేదు, వాళ్ల మధ్యలోకే పోయి కూర్చుని తన గ్లాసు తాను తాగి లేచేది.

నెలాఖరు దగ్గరపడింది. ఒకరోజు ఆరిన సరుకు లెక్క చూడమని సావ్కారి నన్ను యార్డులోకి పంపాడు. అదెప్పుడూ నా పని కాదు. నా దగ్గరికి వచ్చేవి బిల్లులే. ప్యాంట్లు లాట్లు లాట్లుగా పేర్చి, ఒక్కో లాటుకు గుడ్డ పీలిక కట్టి, దాని మీద మేస్త్రి నంబరు వేస్తాడు. ఎనిమిది చూశాను, తొమ్మిది చూశాను, దాని పక్కన పదకొండు ఉంది.

“పదో లాటు యాడ మేస్త్రీ?”

“పది ఉండదమ్మా.”

“ఎందుకుండదప్పా?”

“కడాకు సున్నా పెడితే మంచిది గాదు. సరుకు సున్నా అయిపోతాది. మండీలో ఉండంగ నుంచి మాది అంతే. పదికి పదకొండు, ఇరవైకి ఇరవై ఒకటి.”

నేను ఆఫీసుకు పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తడం యార్డులో ఎవరూ చూసి ఉండరు. ఆఫీసులో మేస్త్రి కాగితం తీసి, నంబర్ల చివరి అంకెలు మాత్రం వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. అంతమంది నంబర్లున్న కాగితంలో సున్నాతో ముగిసింది ఒక్కటీ లేదు. మొదటి వారం డబ్బు తిరిగొచ్చినవాళ్ల నంబర్లు కంప్యూటర్లో చూశాను. పాస్‌బుక్కు చూసి నేను మళ్లీ కొట్టినవి. అన్నీ సున్నాతో ముగిసినవే. మేస్త్రి కాగితంలో మాత్రం వాటి చివర ఒకటి ఉంది.

మేస్త్రిని పిలిచి అడిగితే దాచలేదు. దాచాల్సిన పని అనుకుంటే కదా.

“అవునమ్మా, మార్చినా. అంత పొడుగు నంబరుకు కడాన ఒక్క అంకె గదా. పెండ్లిలో చదివిస్తే ఐదు నూర్లకు ఒక రూపాయి కలపమా? వాళ్ల మంచికే చేస్తిని.”

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఒకప్పుడు బ్యాంకు పరీక్షలకు చదివాను. ఉద్యోగం రాలేదు కానీ ఆ చదువులో కొంత మిగిలింది. ఒక గుడ్డ పీలిక తీసి దాని మీద రెండు, నాలుగు అని వేసి మేస్త్రి ముందు పెట్టాను.

“కొన్ని బ్యాంకులు ఖాతా నంబరు కడాన ఒక అంకెను కాపలాకు పెడతాయప్పా. అది ఇష్టమొచ్చినట్టు వేసేది కాదు, ముందరి అంకెల్లోంచి పుట్టేది. ఇప్పుడు చూడు. రెండును అట్లే ఉంచు. నాలుగును రెట్టింపు చెయ్యి, ఎనిమిది. కలిపితే ఎంత?”

“పది.”

“పదికి నిండుగా ఉంది, ఇంకేం తక్కువ లేదు. అందుకని కడాన సున్నా వేస్తారు. నంబరు రెండు వందల నలభై అయింది. అదే కూడితే తొమ్మిది వచ్చిందనుకో, పదికి ఒకటి తక్కువ గదా, అప్పుడు ఒకటి వేస్తారు. నువ్వు ఈ సున్నాను ఒకటి చేసినావనుకో, బ్యాంకు మిషను మళ్లీ ఇదే లెక్క చేసుకుంటాది. పది రావాల్సిన చోట పదకొండు వస్తాది. ఇది మా నంబరు కాదని డబ్బు తిప్పి పంపుతాది.”

మేస్త్రి పీలికను చేతిలోకి తీసుకుని చూశాడు. “అయితే ఆ సున్నా అంటే ఏమీ లేదని కాదన్నమాట. తక్కువ లేదని” అన్నాడు.

లెక్క ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉండవచ్చు, కానీ అన్నిటి ఆలోచనా అదే. అప్పుడు నాకు తలకెక్కింది. మొదటి వారం తిరిగొచ్చి నాకు చిరాకు తెప్పించిన డబ్బే క్షేమంగా ఉన్న డబ్బు. ఏ గొడవా లేకుండా పోయినదే పోగొట్టుకున్నది. ఆమెది కాపలా అంకె లేని చిన్న బ్యాంకు అయివుండాలి. అలాంటి చోట నంబర్లు వరసగా ఇచ్చుకుంటూ పోతారు. చివరి అంకె ఒకటి పెరిగితే, ఆ నంబరు కూడా ఎవరిదో అయివుంటుంది. మేం పంపిన పద్ధతిలో పేరు రాసినా దాన్ని ఎవరూ చూడరు, నంబరు ఉంటే చాలు. డబ్బు వెళ్లి ఎవరి ఒళ్లోనో పడుతుంది, మా తెర మీద పచ్చరంగు వెలుగుతుంది.

మిషను దగ్గరికి వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. “నీ నంబరు సున్నాతో ముగిసేదే అయితే నువ్వు గెలిచినట్టే. చూడాలంటే మాత్రం బుక్కు కావాలి” అన్నాను.

ఆమె మిషను ఆపి, చేతులు కడుక్కుంది. “ఒట్టూ నాదే, మాటా నాదే మేడమ్. ఏదో ఒకటి పోవాల్సిందే. రేపు పోదాం పదండి” అంది.

మరునాడు పొద్దున్నే తెక్కలకోట బస్సెక్కాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది, నేను కట్టి తెచ్చిన బొరుగుల ఒగ్గరాణి కూడా ముట్టలేదు. వీధిలోకి అడుగుపెట్టగానే ఒక ఆడమనిషి బిందె దించి, “ఏమ్మా వస్తివా! కోడలంటే నువ్వమ్మా” అంది. ఇంకో గుమ్మంలో ఇంకెవరో చేతులెత్తి దండం పెట్టారు. ఆమె నా వైపు చూసింది. నాకూ ఏమీ అర్థం కాలేదు.

గడప దగ్గర ఆగింది. నేను వెనకనుంచి నెట్టలేదు, పిలవలేదు. తనే కాలు లోపలికి పెట్టింది.

నులకమంచం మీద ఆమె అత్త నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. తోటికోడలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమెను చూసి ఏడ్చేసింది.

“అక్కా, నోటికొచ్చినట్టల్లా అంటిని నిన్ను. నువ్వు మనసులో పెట్టుకోకుండా ప్రతి శనివారం పంపిస్తివి. మీ ఫ్యాక్టరీ పేరుతో నా ఫోనుకు మెసేజీ వచ్చేది. నోటితో మాట్లాడకపోయినా అత్త కోసరం చేత్తో పంపిస్తాండాదని మా ఆయనకు చెప్తిని. ఆ దుడ్డుతోనే అత్తకు కంటి పొర తీయిస్తిమి.”

“రెండు కండ్లూ కనబడతాండాయమ్మా. వీధంతా నీ మాటే” అంది అత్త, మంచం మీద చెయ్యి తడుముతూ, ఆమెను పక్కన కూర్చోమన్నట్టు.

ఖాతాలు తెరిచిన రోజు సంగతి ఒక్కో ముక్కగా బయటికొచ్చింది. బడిలో బ్యాంకువాళ్లు క్యాంపు పెడితే ఇద్దరు తోటికోడళ్లూ కలిసి వెళ్లి వరసలో నిలబడ్డారట. అప్పటికి జగడం లేదు. ముందు పెద్దది, వెనక చిన్నది. ఆ వరసలోనే నంబర్లిచ్చారు. మేస్త్రి ఒక అంకె కలిపి, ఈమె కూలిని వెనక నిలబడ్డ తోటికోడలి ఖాతాకు చేర్చాడు.

నేను ఏ దేవుణ్నీ పెద్దగా అడిగే మనిషిని కాను. ఆ పూట మాత్రం ఈమె నోరు విప్పకూడదని అడిగాను. అవును, నేనే పంపాను అంటే సరిపోతుంది. ముసలామె సంతోషం చెక్కుచెదరదు, వీధి మెచ్చుకోలు నిలుస్తుంది. యూనిట్లో ఎలాగోలా నేను చూసుకుంటాను అనుకున్నాను.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“నేను పంపలేదత్తా” అంది. “తప్పు నంబరు పడి మీకొచ్చె. మీకొచ్చిందని నాకు తెల్దు. తెలిసింటే పంపిద్దునో లేదో అదీ తెల్దు.”

తోటికోడలు ముఖం తుడుచుకుంది. లోపలికి వెళ్లి రేకు పెట్టెలోంచి రెండు పాస్‌బుక్కులు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి సున్నాతో ముగిసింది, రెండోది ఒకటితో. తన పుస్తకంలో మా యూనిట్ పేరున్న పేజీని తనే తెరిచి పట్టుకుంది. “ఫోటో తీసుకోండి మేడమ్. మేం అడిగి తీసుకోలేదని, దొంగలం కాదని గూడా మీ సావ్కారికి చెప్పండి” అంది. ఆ గొంతులో కోపం ఉంది, అవమానం ఉంది. రెండు నంబర్లకూ, ఆ పేజీకీ ఫోటోలు తీసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే ఆగలేక, “ఆ ఒక్క మాట అనకపోతే ఏం పోయేది?” అని కసిరాను. “మీ సావ్కారి దగ్గర నిజం కావాల, మా అత్త దగ్గర అబద్ధం చాలంటారా మేడమ్?” అంది ఆమె.

బళ్ళారి చేరగానే నేను చేసిన పని చెబుతాను. నంబర్ల కాగితం చించేశాను. ప్రతి ఒక్కరి పాస్‌బుక్కూ నా కళ్లతో చూసి, ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టి, మళ్లీ వెనకనుంచి ముందుకు చదివించి సరిచూశాను. ఆ తర్వాత ఒక్కో ఖాతాకు ఒక్కో రూపాయి పంపాను. ఆ రూపాయి చేరిందని మనిషి వచ్చి చెప్పేదాకా జీతం వేయనని కూర్చున్నాను. జీతాలు ఆలస్యమవుతున్నాయని సావ్కారి గొణిగాడు. గొణగనీ అనుకున్నాను. బ్యాంకు కాపలా అంకె పెట్టని చోట మనమే కాపలా ఉండాలి. మేస్త్రి తన లాట్లకు మాత్రం ఇప్పటికీ సున్నా వేయడు. అది నేను అడగలేదు.

ఫోటోలు చూసి సావ్కారి తల గోక్కున్నాడు. “నలుగురి ముందర చెప్తానంటివి గదప్పా” అని గుర్తుచేశాను. చెడ్డవాడు కాదు. టీ వేళకు యార్డులోకి వచ్చి, అందరూ వినేలా, “ఆయమ్మ చెప్పిందే నిజం. నేను అన్నది తప్పు” అన్నాడు. నవ్వినవాళ్లు గ్లాసుల్లోకి చూసుకున్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి, “తప్పు మా కాగితంది. నీ నెల లెక్కంతా ఇయ్యాలే మళ్లీ వేయిస్తా” అన్నాడు.

“వద్దు సావ్కారీ” అంది ఆమె.

నాకు కోపం ముంచుకొచ్చింది. “ఎందుకు వద్దు? అది నీ కష్టం. పంపడంలో తప్పు మాది” అని అరిచాను.

“నా కష్టం మా అత్త కండ్లకు పోయె. పోయింది తప్పు నంబరుకే గానీ, తప్పు మనిషికి గాదు. ఇప్పుడు మళ్లీ తీసుకుంటే ఒక్క పనికి రెండుసార్లు తీసుకున్నట్టే గదా. ఆ దినం సావ్కారి అన్న మాట ఈ దినం నిజమయితాది. అది నేను కానీయను.”

ఆమె నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

“మా తోటికోడలికి ఒక ఫోను కొట్టండి మేడమ్. ఆ దినం పంపలేదని చెప్తిని. ఇప్పుడు పంపినానని చెప్పండి. రెండూ నిజమేనని చెప్పండి.”